మిద్దె మీది వాతావరణ కేంద్రం: గాలివానలను గమనించేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

సుమారు 18,000 రూపాయలకు ఆన్‌లైన్‌లో దొరికే ఇంటి వాతావరణ కేంద్రాన్ని ఒకదాన్ని కొని, మహబూబ్‌నగర్ పట్టణం అంచున ఉన్న మా మిద్దె మీద బిగించి, ఎండాకాలపు గాలిదుమారాల్లోనూ వానాకాలపు ముసుర్లలోనూ దాని పనితీరు చూసిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. తయారీదారు పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే పరికరాల్లో చాలావాటి లోపలి సరుకు ఒకటే, పైన అంటించిన పేర్లు మాత్రమే వేరు. కాబట్టి ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు ఆ తరగతి పరికరాలకు దాదాపుగా అన్నిటికీ వర్తిస్తాయి. బయట ఎండ ఎంత ఉందో ఇంట్లో కూర్చుని తెలుసుకుంటే చాలుననుకునేవారికి ఇంత ఖర్చు అనవసరం. మార్చి మొదలుకొని మృగశిర కార్తె దాకా పడమట మబ్బు లేచిందంటే పని వదిలి మిద్దె ఎక్కే అలవాటున్నవారిని దృష్టిలో పెట్టుకునే దీన్ని పరిశీలించాను.

పెట్టెలో వచ్చేవి ఇవి: గాలి వేగం కొలిచే మూడు గిన్నెల చక్రం, దిక్కు చూపే తోక, వాన కొలిచే గరాటు, తెల్లని ప్లాస్టిక్ పళ్లేల గూటిలో ఉష్ణోగ్రతనూ తేమనూ కొలిచే సెన్సర్, వీటన్నిటికీ కరెంటు ఇచ్చే చిన్న సోలార్ పలక. ఇవన్నీ ఒకే చట్రానికి బిగించి ఉంటాయి. పిడుగులను పసిగట్టే సెన్సర్ విడిగా ఉంటుంది. ఇంట్లో పెట్టుకునే డిస్‌ప్లేలో గాలి పీడనం కొలిచే భాగం ఉంది. మిద్దె మీది కొలతలు 16 సెకన్లకు ఒకసారి వైర్‌లెస్ ద్వారా కిందికి చేరతాయి. అట్టపెట్టె మీద నేల దాకా దిగిన టోర్నడో (మేఘం నుంచి దిగే సుడిగాలి) బొమ్మ వేసి, తుఫానును ముందే పసిగట్టే అలారం ఉందని పెద్ద అక్షరాల్లో రాశారు. ఆ బొమ్మ సంగతి, ఆ అలారం సంగతి తర్వాత చెబుతాను. ముందుగా చెప్పవలసింది ఒకటుంది: జనం గాలి చక్రాన్ని చూసి దీన్ని కొంటారు గానీ, గాలివానను గమనించేవారికి ఇందులో అసలైన విలువ ఎవరూ పట్టించుకోని పీడన సెన్సర్‌లోనూ ఉష్ణోగ్రత సెన్సర్‌లోనూ ఉంది.

అది ఎందుకో తెలియాలంటే మన ప్రాంతపు గాలివాన ఎలా పుడుతుందో కాస్త చెప్పుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు నేల మధ్యాహ్నానికి కాగిపోయి ఉంటుంది. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే ఆగ్నేయ, దక్షిణ గాలులు నేలకు దగ్గరగా తేమను మోసుకొస్తాయి. ఆ పైన కొన్ని కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచీ వాయవ్యం నుంచీ వీచే గాలులు పొడిగా ఉంటాయి. విదర్భ నుంచో మరాఠ్వాడా నుంచో కర్ణాటక మీదుగా తమిళనాడు వైపు సాగే ద్రోణి గురించి ఈ రోజుల్లో వాతావరణ వార్తల్లో తరచుగా వింటాం. ఈ రెండు రకాల గాలులు ఒకదానికొకటి ఎదురుపడే గీత అదే. ఆ గీత దగ్గర వేడెక్కిన తేమగాలి పైకి లేచి క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘంగా మారి పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా ఎదుగుతుంది. ఆ మేఘం నుంచి రాలే వాన చినుకులు కింద ఉన్న పొడిగాలిలో కొంత ఆవిరైపోయి ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి పడుతుంది, నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది, వానకంటే ముందుగా ఊరిలోకి దూసుకొస్తుంది. మనం ఈదురుగాలి అనేది దానినే. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో గోడలు కూల్చి మనుషుల ప్రాణాలు తీసింది ఇటువంటి గాలివానే. కొల్లాపూర్ మామిడినీ నల్లగొండ బత్తాయినీ కోతకు ముందు నేల రాల్చేదీ, కల్లాల్లో ఆరబోసిన యాసంగి వడ్లను తడిపేదీ ఇదే.

ఈ చల్లగాలి మన మీదికి వచ్చిన క్షణాన్ని పరికరం ఎలా పట్టుకుంటుందో ఏప్రిల్ చివరలో వచ్చిన ఒక గాలివాన రికార్డును బట్టి చెబుతాను. సాయంత్రం నాలుగున్నరకు ఉష్ణోగ్రత 39 డిగ్రీలు, తేమ 24 శాతం, గాలి ఆగ్నేయం నుంచి మెల్లగా వీస్తోంది. ఐదు గంటలు దాటేసరికి కోయిల్‌కొండ వైపు ఆకాశం సీసం రంగుకు తిరిగింది, ఇక్కడ మాత్రం ఆకు కదలడం లేదు. ఐదుంపావుకు పీడనం మెల్లగా పెరగడం మొదలై, ఏడెనిమిది నిమిషాల్లో దాదాపు మూడు హెక్టాపాస్కల్‌లు (పీడనం కొలిచే ప్రమాణం) ఎక్కింది. ఆ పెరుగుదల మొదలైన రెండు మూడు నిమిషాలకు గాలి తోక ఆగ్నేయం నుంచి గిరుక్కున పడమటికి తిరిగింది, ఉష్ణోగ్రత 38 నుంచి 28కి దిగింది. మొదటి చినుకు ఆ తర్వాత పది నిమిషాలకు గానీ పడలేదు. గాలి మలుపుకు కాస్త ముందే పీడనం కదలడం అన్నిసార్లూ ఇంత స్పష్టంగా కనిపించదు. కనిపించినప్పుడు కూడా అది ఇచ్చే వ్యవధి ఆరేసిన బట్టలు తీసుకోవడానికి సరిపోతుంది, అంతకుమించి కాదు. అయినా గాలివాన శరీరం ఎలా ఉంటుందో, ఏది ముందు వస్తుందో, ఏది వెనక వస్తుందో నిమిషం నిమిషంగా గీతల్లో చూడగలగడం ఆసక్తి ఉన్నవారికి గొప్ప తృప్తి. ఈ తృప్తిని ఇంత తక్కువ ధరలో ఇచ్చే వస్తువు మరొకటి నాకు తెలియదు.

పీడన సెన్సర్ బాగా పనిచేయాలంటే మొదట దాన్ని సరిచేసుకోవాలి. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడి అసలు పీడనం 950 హెక్టాపాస్కల్‌ల చుట్టుపక్కల ఉంటుంది. వార్తల్లో చెప్పే వెయ్యి పైచిలుకు అంకె సముద్రమట్టానికి సరిచూసి చెప్పేది. శంషాబాద్ విమానాశ్రయం అరగంటకొకసారి విమానాల కోసం వెలువరించే వాతావరణ సమాచారంలో ఆ సరిచూసిన అంకె ఉంటుంది. గాలి స్తిమితంగా ఉన్న ఒక ఉదయం దానితో పోల్చి డిస్‌ప్లేలో తేడాను సవరించుకుంటే మళ్లీ ముట్టుకోనవసరం లేదు.

ఇక పెట్టె మీద గొప్పగా రాసిన తుఫాను అలారం. గడిచిన కొన్ని గంటల్లో పీడనం ఫలానా మేరకు పడిపోతే మోగాలన్నది దాని సూత్రం. ఈ సూత్రం ఐరోపాలోని చల్లని దేశాలకు సరిపోతుంది. అక్కడ పెద్ద అల్పపీడనాలు దాటిపోతున్నప్పుడు పీడనం గంటల తరబడి దిగుతుంది. ఉష్ణమండలంలో పీడనం రోజూ సముద్రపు ఆటుపోట్ల మాదిరి ఉదయం పది గంటలకు పైకెక్కి సాయంత్రం నాలుగు గంటలకు కిందికి దిగుతుంది. ఎండాకాలంలో ఈ హెచ్చుతగ్గు మూడు నాలుగు హెక్టాపాస్కల్‌ల దాకా ఉండవచ్చు. ఫలితంగా ఆకాశంలో మబ్బు తునక లేని మధ్యాహ్నాల్లో అలారం మోగుతుంది, పడమట నల్లమబ్బు గోడలా నిలబడిన సాయంత్రం మౌనంగా ఉంటుంది. దాన్ని కొన్న రోజే ఆపేయడం మంచిది. డిస్‌ప్లే మీద కనిపించే ఎండ, మబ్బు, వాన బొమ్మలు కూడా ఇదే లెక్క మీద మారతాయి, కనుక వాటినీ పట్టించుకోనక్కర్లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి తీరం దాటి మన వైపు వచ్చే సెప్టెంబరు, అక్టోబరు రోజుల్లో మాత్రం ఈ అలారం కొంత నిజం చెబుతుంది. అయితే అప్పటికి మూడు రోజుల నుంచీ పత్రికలు అదే చెబుతూ ఉంటాయి.

టోర్నడో బొమ్మ గురించి కూడా సూటిగా చెప్పాలి. అట్టపెట్టె మీద ఆ బొమ్మ వేయడం అమ్మకం కోసమే తప్ప ఈ పరికరానికి దానితో సంబంధం లేదు. టోర్నడో గాలి వేగాన్ని సాధారణంగా ఎవరూ నేరుగా కొలవరు. అది మిగిల్చిన విధ్వంసాన్ని చూసి తర్వాత అంచనా కడతారు. వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా 1971లో ప్రతిపాదించిన కొలమానమూ, దాన్ని సవరించి అమెరికా 2007 నుంచి వాడుతున్న కొలమానమూ ఈ పద్ధతి మీదే నడుస్తాయి. సవరించిన దానిలో అన్నిటికంటే పై మెట్టు గంటకు 320 కిలోమీటర్లు దాటిన గాలులతో మొదలవుతుంది. అటువంటి గాలి దారిలో నేల మీద పరికరం పెట్టి విలువైన కొలత సాధించినవాడు టిమ్ సమారస్ అనే అమెరికన్ ఇంజనీరు. 2003 జూన్ 24న దక్షిణ డకోటా రాష్ట్రంలోని మాంచెస్టర్ దగ్గర ఆయన పెట్టిన, నేలకు అణిగి ఉండే శంకువు ఆకారపు పరికరం టోర్నడో తన మీదుగా దాటినప్పుడు 100 హెక్టాపాస్కల్‌ల పీడన పతనాన్ని నమోదు చేసింది. మన గాలివానలో రెండు మూడు హెక్టాపాస్కల్‌ల కదలికకే సంబరపడే మనకు ఆ అంకె ఎంతటిదో ఊహకు అందుతుంది. పదేళ్ల తర్వాత 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర నాలుగు కిలోమీటర్లకు పైగా వెడల్పున్న టోర్నడోలో ఆయన, ఆయన కుమారుడు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ముగ్గురూ చనిపోయారు. వాహనాల్లో తుఫాను వెంట పడటాన్ని సరదా క్రీడగా చూపే వీడియోలు చూసి ఉత్సాహపడే మన కుర్రకారు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆయన ఆ రంగంలో జాగ్రత్తపరుడిగా పేరున్న మనిషి.

మన ఉపఖండంలో టోర్నడోలు లేవని కాదు. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతాన్ని ధ్వంసం చేసిన టోర్నడోలో సుమారు 1,300 మంది చనిపోయారని లెక్క. చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసినదిగా దాన్నే చెబుతారు. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వందల ఎకరాల మేర వేలాది చెట్లు నేలకొరిగినప్పుడు అది టోర్నడోనా, మేఘం నుంచి కుప్పగా కిందపడిన గాలా అని చాలా చర్చ జరిగింది. ఇటువంటి చోట ఆధారం పడిన చెట్లే. ఒక కేంద్రం నుంచి బయటికి విసరినట్టు అన్ని వైపులకూ తలలు పెట్టి పడితే అది పైనుంచి పడిన గాలి. సన్నని దారి వెంట మెలితిరిగినట్టు, లోపలి వైపుకు తలలు పెట్టి పడితే సుడి. 1975లో న్యూయార్క్‌లో కూలిన విమానం ప్రమాదాన్ని పరిశీలిస్తూ ఫుజిటా ఈ పైనుంచి పడే గాలి సిద్ధాంతాన్ని రూపొందించాడు. దక్షిణ తెలంగాణలో రేకుల షెడ్లనూ కోళ్లఫారాలనూ లేపేది ఎక్కువగా ఈ పైనుంచి పడే గాలే కనుక, గాలివాన తర్వాత ఊరి బయట చెట్లు ఏ దిక్కుకు పడ్డాయో చూసి ఫోనులోని దిక్సూచితో నమోదు చేసుకోవడం ఏ పరికరమూ చేయలేని పని. ఎండాకాలం మధ్యాహ్నం బీడు పొలంలో లేచే దుమ్ము సుడి వేరే సంగతి; దానికి పైన మేఘం ఉండదు.

గాలి చక్రం విషయానికి వస్తే, యంత్రంలో దోషం తక్కువ, దాన్ని పెట్టే చోటులో దోషం ఎక్కువ. ప్రమాణం ప్రకారం గాలిని నేలకు 10 మీటర్ల ఎత్తులో, అడ్డు వచ్చే కట్టడానికి దాని ఎత్తుకు పది రెట్ల దూరంలో కొలవాలి. పట్టణంలో ఇల్లు కట్టుకున్నవాడికి ఇది సాధ్యమయ్యే పని కాదు. మిద్దె పిట్టగోడకు తగిలిన గాలి పైకి లేచి సుళ్లు తిరుగుతుంది, పక్కనే నల్లని నీళ్ల ట్యాంకు ఉంటే ఒక దిక్కు గాలి పూర్తిగా ఆగిపోతుంది. బోరు పైపు ముక్కను స్తంభంగా చేసి, పిట్టగోడకు రెండు చోట్ల బిగించి, మూడు వైపులా తీగలు లాగి కట్టి, చక్రాన్ని ట్యాంకు తల కంటే రెండు మీటర్లు పైకి లేపిన తర్వాత అంకెలు నమ్మదగినట్టు కనిపించాయి. అయినా మీ అంకెను భారత వాతావరణ శాఖ హెచ్చరికల్లో వాడే 41 నుంచి 61, 62 నుంచి 87 కిలోమీటర్ల మెట్లతో పోల్చేటప్పుడు మీది కాస్త తక్కువ చూపుతోందనే అనుకోవాలి. ఈదురుగాలి అనిపించుకోవాలంటే గాలి ఉన్నట్టుండి గంటకు 29 కిలోమీటర్లకు పైగా పెరిగి, కనీసం 40కి చేరి, ఒక నిమిషమైనా నిలవాలన్నది ప్రపంచ వాతావరణ సంస్థ నిర్వచనం. 16 సెకన్లకు ఒకసారి అంకె పంపే ఈ పరికరం ఆ నిర్వచనాన్ని సరిచూడటానికి ఫరవాలేదు గానీ, మూడు సెకన్ల పాటు కొట్టిన అసలైన దెబ్బను చూపుతున్నానని తయారీదారు చెబితే నమ్మేటట్టు లేదు.

గాలి చక్రానికి అసలైన శత్రువు గాలి కాదు, కోతులు. స్తంభం మీద తిరిగే వస్తువు కనిపిస్తే అవి వదలవు. గిన్నె ఒకటి విరిగితే చక్రం మొత్తం మార్చాలి, విడిభాగం పరికరం కొన్న చోటే దొరకాలి, దానికి వారాలు పడుతుంది. స్తంభం పై భాగానికి గ్రీజు పూయడం మా వీధిలో పనిచేసిన ఉపాయం. ఈ తరగతిలో కదిలే భాగాలు లేకుండా ధ్వని తరంగాలతో గాలి కొలిచే రకం కూడా దొరుకుతుంది. ధర ఎక్కువైనా కోతులున్న ఊరివారు దాని వైపు చూడటం మంచిది.

వాన గరాటు కింద చిన్న తూగుడు గిన్నె ఉంటుంది. అది నిండినప్పుడల్లా ఒరిగి పావు మిల్లీమీటరుగా లెక్కపడుతుంది. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. గరాటు వ్యాసం 11 సెంటీమీటర్లు కాబట్టి వైశాల్యం 95 చదరపు సెంటీమీటర్లు, అంటే 190 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 20 మిల్లీమీటర్ల వాన చూపాలి. నీళ్లు గుమ్మరిస్తే లెక్క తప్పుతుంది. మందుల దుకాణంలో దొరికే సెలైన్ సెట్టును సీసాకు తగిలించి, చుక్కలను సన్నగా సర్ది గరాటులోకి వదిలితే గంటలో పరీక్ష పూర్తవుతుంది. నా దగ్గరి పరికరం 20కి బదులు 18.75 చూపింది, ఆ తేడాను డిస్‌ప్లేలో సవరించే వీలుంది. సన్నని వానలో ఇది నిక్కచ్చిగా పనిచేస్తుంది. కుండపోతలో గిన్నె ఒరిగే ఆ క్షణంలో వచ్చిన నీళ్లు లెక్కలోకి రావు, పైగా ఈదురుగాలికి చినుకులు గరాటు మీదుగా పక్కకు కొట్టుకుపోతాయి. రెండూ కలిసి అసలైన వాన కంటే తక్కువ చూపిస్తాయి. రాళ్లవాన పడ్డ రోజు మరీ విచిత్రం: రాళ్లు గరాటులో పేరుకుని, ఆకాశం తేటపడిన అరగంట తర్వాత కరిగి, లేని వానను లెక్క చెబుతాయి. పావురాల రెట్ట, గాలికి కొట్టుకొచ్చిన వేపాకులు గరాటు మూతికి అడ్డుపడటం కూడా మామూలే, కనుక ప్రతి మబ్బు సీజనుకు ముందు దాన్ని కడగాలి.

చిన్నదే అయినా చికాకు పెట్టే లోపం ఒకటుంది. మన దేశంలో వానను ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా ఒక రోజుగా లెక్కిస్తారు, భారీ వర్షం అనిపించుకోవాలంటే ఆ 24 గంటల్లో కనీసం 64.5 మిల్లీమీటర్లు పడాలి. ఈ పరికరం రోజును అర్ధరాత్రికి మారుస్తుంది. కావాలంటే ఎనిమిదికో తొమ్మిదికో మార్చుకోవచ్చు గానీ అరగంట మీద పెట్టే వీలు లేదు. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సొసైటీ రాష్ట్రమంతటా నడిపే వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాల అంకెలతో మీ వానను పోల్చుకోవాలంటే రికార్డు తీసి చేత్తో కూడుకోవలసిందే.

పిడుగుల సెన్సర్ గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. కొనవద్దు. 40 కిలోమీటర్ల లోపు మెరుపులను దాని రేడియో అలజడిని బట్టి పసిగడుతుందని చెబుతారు, సూత్రం నిజమే. అయితే బోరు మోటారు స్టార్టరు పడినప్పుడూ, వెల్డింగ్ షాపులో నిప్పురవ్వ లేచినప్పుడూ అదే అలజడి పుడుతుంది. మా చుట్టుపక్కల పొలాలకు కరెంటు వచ్చే వేళకు, ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి పడగానే, నీలాకాశం కింద పిడుగుల లెక్క పదులు దాటేది. దానికి బదులు ఫోనులో దామిని యాప్ పెట్టుకోండి. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ దేశమంతటా నెలకొల్పిన 80కి పైగా సెన్సర్ల వ్యవస్థ ఒకే మెరుపును అనేక చోట్ల నుంచి పట్టుకుని, అది ఒక్కో చోటికి చేరిన సమయాల తేడా నుంచి స్థలాన్ని లెక్కగడుతుంది. మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాల్లో కొద్ది నిమిషాల కిందట పడిన మెరుపులను తెర మీద చూపుతుంది. ఒక్క సెన్సర్ ఎంత మంచిదైనా చేయలేని పని ఇది, పైగా ఉచితం. నెట్ అందకపోతే చెవులున్నాయి: మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. ఆ వ్యవధి ముప్ఫై సెకన్లకు తగ్గితే పరికరాన్ని వదిలి మిద్దె దిగాలి. ఇనుప స్తంభం పక్కన నిలబడి చక్రాన్ని చూస్తూ ఉండటానికి అది వేళ కాదు.

కొనేముందు అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న ఒకటి అమ్మకందారుల పేజీల్లో ఎక్కడా కనిపించదు: కరెంటు పోతే రికార్డు ఏమవుతుంది? మన దగ్గర ఈదురుగాలి మొదలవగానే పోయేది కరెంటే. ఫీడరు తనంతట తాను ట్రిప్ అవుతుంది, కాకపోతే ప్రమాదం జరగకుండా సబ్‌స్టేషన్‌లో ఆపేస్తారు. మిద్దె మీది భాగానికి సోలార్ పలక, లోపల బ్యాటరీ ఉన్నాయి కాబట్టి అది కొలుస్తూనే ఉంటుంది. కింద డిస్‌ప్లే అడాప్టరు మీద నడుస్తుంది, వైఫై పెట్టె కూడా అంతే. రెండూ ఆగిపోతే, ఏడాదంతా ఎదురుచూసిన ఆ పది నిమిషాలే రికార్డులో ఖాళీగా మిగులుతాయి. నేను కొన్న రకంలో బ్యాటరీ వేస్తే గడియారం మాత్రమే నడుస్తుంది, నమోదు ఆగిపోతుంది. డిస్‌ప్లేను ఇన్వర్టరు లైనుకు కలిపి, నిమిషానికొకసారి మెమరీ కార్డులో రాసేటట్టు అమర్చిన తర్వాతే పైన చెప్పినటువంటి రికార్డులు దక్కాయి. సమాచారాన్ని తన సొంత సర్వరుకు పంపి, అక్కడి నుంచి మాత్రమే చూపే రకాలు ఇంకా చవకగా వస్తాయి. వాటి జోలికి పోకపోవడం మంచిది.

ఉష్ణోగ్రత సెన్సర్ మీద ఒక మాట. తెల్లని పళ్లేల గూడు మొదటి ఎండాకాలంలో బాగానే ఉంటుంది గానీ, గచ్చు వేడి కింద నుంచి కొడుతుంది కాబట్టి గాలి లేని మధ్యాహ్నాల్లో రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపడం మామూలే. మీ మిద్దె మీద 46 డిగ్రీలు వచ్చిందని వాట్సాప్‌లో పంచుకునే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. గాలివానను గమనించడానికి మాత్రం ఇది పెద్ద లోపం కాదు, ఎందుకంటే మనకు కావలసింది అసలు అంకె కాదు, అది ఎంత వేగంగా పడిపోయిందన్నది.

మబ్బు లేచిన సాయంత్రాల్లో పక్క పొలం పెద్దాయన గేటు దగ్గర నిలబడి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సారూ, మీ మిషిని ఏం జెప్తున్నది? వడ్లు కుప్ప జెయ్యాల్నా, ఇంకో గంట ఆరనియ్యాల్నా?" ఈ పరికరం దగ్గర దీనికి జవాబు లేదు. ఇది మన మిద్దె మీదికి వచ్చినదాన్ని చెబుతుంది, రాబోయేదాన్ని చెప్పదు. టార్పాలిన్ కప్పడానికి కనీసం అరగంట కావాలంటే చూడవలసింది హైదరాబాద్ బేగంపేటలోని వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ చిత్రాలను. సుమారు పది సెంటీమీటర్ల తరంగాలతో పనిచేసే ఆ రాడార్‌కు వాన తెర అడ్డు రాదు, దూరంలోని మేఘాలు కూడా చక్కగా కనిపిస్తాయి. ఎర్ర మచ్చ ఒకటి కోస్గి మీద ఉందా, నారాయణపేట మీద ఉందా, పదీ ఇరవై నిమిషాల కిందటి చిత్రంలో ఎక్కడ ఉందో చూసి గీత కలిపితే అది మన మీదికి వస్తోందో, జడ్చర్ల వైపు తప్పుకుంటోందో చాలావరకు తేలుతుంది. రాడార్‌కూ ఒక హద్దు ఉంది. కిరణం అర డిగ్రీ వాలుతో బయలుదేరుతుంది, కింద భూమి వంగుతూ పోతుంది. మహబూబ్‌నగర్ చేరేసరికి అది నేలకు కిలోమీటరు పైనే, నారాయణపేట దగ్గర సుమారు రెండు కిలోమీటర్ల పైన సాగుతుంది. ఆ కింద జరిగేది, అంటే ముందుగా దూసుకొచ్చే చల్లగాలి, దానికి సరిగా కనిపించదు. మిద్దె మీది పరికరం పూరించేది ఆ ఖాళీనే. రాడార్‌లో మచ్చ ఇంకా కోయిల్‌కొండ దగ్గర ఉండగానే ఇక్కడ పీడనం ఎక్కి గాలి మళ్లిందంటే, గాలి మేఘాన్ని చాలా వెనక వదిలి వచ్చిందని, వాన తగ్గుముఖం పట్టే అవకాశం ఉందని అర్థం చేసుకోవచ్చు. మచ్చా గాలీ దాదాపు ఒకేసారి వస్తే జాగ్రత్తపడాలి. విండీ వంటి యాప్‌లలో ఐరోపా మోడల్ (కంప్యూటరు లెక్కల) అంచనాలు ఉదయం చూసుకోవడానికి మంచివే, కానీ తొమ్మిది కిలోమీటర్ల గడులతో లెక్కగట్టే మోడల్ ఐదారు కిలోమీటర్ల మబ్బు ఏ ఊరి మీద విరుచుకుపడుతుందో చెప్పలేదు.

ఇంత చెప్పాక ఎవరు కొనాలన్నది తేల్చాలి. విశాలమైన మిద్దె, ఇన్వర్టరు, రికార్డులను దాచుకుని పోల్చుకునే ఓపిక ఉన్నవారికి ఈ తరగతి పరికరం డబ్బుకు తగినదే. నా లెక్కన ఐదుకు మూడున్నర మార్కులు. పిడుగుల సెన్సర్ లేని రకం తీసుకుంటే కొన్ని వేలు మిగులుతాయి, ఆ డబ్బు పొడవైన పైపుకూ బిగింపులకూ పెట్టవచ్చు. వాన మాత్రమే కొలవాలనుకునే రైతుకు గీతలున్న ప్లాస్టిక్ వానమాపకం కొన్ని వందల్లో దొరుకుతుంది, ఆరుబయట పాతి ఉదయం ఎనిమిదిన్నరకు చూసుకుంటే కుండపోతలో ఇంతకంటే నమ్మకంగా చెబుతుంది. బడి పిల్లలకు చూపించడానికి కొనే ఉపాధ్యాయులు డిస్‌ప్లే కంటే మెమరీ కార్డులోని అంకెలను కంప్యూటరులో గీతగా గీయించడం మీద దృష్టి పెడితే బాగుంటుంది. కొనదలచినవారు ఫిబ్రవరిలోనే తెప్పించుకుని, పీడనం, గరాటు సరిచూసుకుని, విడి గాలి చక్రం ఒకటి ముందే ఆర్డరు చేసి పెట్టుకోవాలి. మార్చి మూడో వారంలో మొదటి రాళ్లవాన పడ్డాక ఆర్డరు చేస్తే అది ఇంటికి చేరేసరికి మే వచ్చేస్తుంది.